మాట, మన్నన

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మన పెద్దల మాట. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మా కోనసీమకు మంచి నోరు గలదని లోకము చెప్పుకొనును. అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని దారి యడిగిన బాటసారికి 'అండి' యో, 'ఆయ్' యో చేర్చకుండ బదులు చెప్పువారు అరుదు. మంచిదే. కాని యా 'అండి' యెవరికి దక్కుచున్నది?

కొన్ని నెలల క్రిందట మా పెరటిలో కొబ్బరి దింపు తీయుటకు ఒక వృద్ధుఁడు వచ్చెను. పదియేండ్లు నిండని మా కుమారుఁడు అరుగుమీఁదనుండి "ఏరా, ఎన్ని కాయలు దింపావురా?" అని యడిగెను. మందలింపఁబోయి యాఁగితిని. ఆ గొంతు నాదే. ఇరువదియేండ్లుగా నేను 'ఏరా' యనుచుంటిని. అతఁడు 'ఆయ్' అనుచుండెను. దానినే సంభాషణ మనుకొంటిని.

నేను క్రిందికి దిగి, "తాతా, ఇట్లు కూర్చోండి. ఈ చెట్టు ఆకు లెందుకిట్లున్నవి?" అని యడిగితిని. ఆయన కొంత తడవు సంశయించి, పిమ్మట చెప్పెను: "కొమ్ముపురుగండి. మొవ్వులో దూరి తినేస్తదండి. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు కనపడతదండి. పురుగు పుట్టేది చెట్టుమీద కాదండి, మీ పెంటకుప్పలోనండి." మా పిల్లవాని మాటయు నట్టిదే. అది పుట్టినది నా యింటనే.

సంభాషణ మనఁగా కలసి పలుకుట. ఒకఁడు పలికి, ఒకఁడు తల యూఁచినచో అది యాజ్ఞ. ఆంగ్లమున నేఁటి వాడుకలో ధనికునకును కూలివానికిని ఒకటే సర్వనామము. మన తెలుఁగున నువ్వు, మీరు, తమరు అని మెట్లున్నవి. మెట్లుండుట దోషము కాదు. తల్లిని 'నువ్వు' అనుట ప్రేమయే. వయసు చూచి యీయవలసిన మన్నన ధనమును, కులమును చూచి యిచ్చుట దోషము.

'అండి' యనినంత కూలి పెరుగునా యని యొకరడుగవచ్చును. పెరుగదు. కూలి తక్కువ యిచ్చి మాట తీయఁగా నాడుట మోసము. అయినను, 'రా' యనిపించుకొను మనుష్యుఁడు కూలి చాలదని నోరెత్తి యెట్లు చెప్పఁగలఁడు?

చదువరులారా, మన మెవరి నెట్లు పిలుచుచున్నామో తెలిసికొనఁ గోరినచో, మన పిల్లలు వారిని పిలుచునపుడు వినుఁడు.