బెసలేలు చేతులు, మన పిల్లల చేతులు

ధ్యానభాగము: నిర్గమకాండము 35:20–35, 36:1–7



దేవుని ఆత్మతో నింపబడెనని పరిశుద్ధ గ్రంథములో మొట్టమొదట పేరుపెట్టి చెప్పబడిన మనుష్యుడెవరు? ఈ ప్రశ్నను మేము సండేస్కూలులో అడిగితిమి. ఒకడు అబ్రాహామనెను, ఒకతె మోషే అనెను. వెనుక కూర్చున్న పెద్దలు సయితము అహరోను అనిరి. అతడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు, రాజు కాడు. అతడొక పనివాడు. యూదా గోత్రికుడైన బెసలేలు. బంగారమును సాగగొట్టుట, రాళ్లు సానబెట్టుట, కఱ్ఱ చెక్కుట అతని పని. ఆ పనికొరకే దేవుడు అతనిని తన ఆత్మతో నింపెను.

మనలో అనేకులము ఆత్మ కార్యమనగా ప్రసంగము, ప్రార్థన, స్వస్థత మాత్రమే అని తలంచుచున్నాము. పాట, బొమ్మ, నాటకము, వాద్యము, ఇవి పిల్లల చేష్టలనియు, క్రిస్మసు రాత్రి ముగియగానే పెట్టెలో పెట్టి తాళము వేయదగినవనియు తలంచుచున్నాము. దేవుడు అట్లు తలంచలేదు.

ఇంకొక మాటను గమనింపుడి. 35వ అధ్యాయము 34వ వచనములో, బెసలేలుకును దాను గోత్రికుడైన అహోలీయాబుకును ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ దేవుడే పుట్టించెనని యున్నది. పని చేయుట ఒక వరము, పని నేర్పుట రెండవ వరము. మొదటి వరము కలవారు మన గ్రామములలో ఎందరో యున్నారు. రెండవ వరమును మనము మరచితిమి. ఈ నెల మా భారమదియే.

మన ప్రాంతమునే చూడుడి. గుడివాడ ప్రక్కనున్న చౌటపల్లిలో 1922లో ఘంటసాల వేంకటేశ్వరరావు గారు పుట్టిరి. చిన్నతనమందే తండ్రి చనిపోయెను. సంగీతము నేర్చుకొనవలెనను ఆశతో ఆ బాలుడు విజయనగరము పోయి, ఇంటింట మధుకరము ఎత్తుకొని తిని చదువుకొనెను. పట్రాయని సీతారామశాస్త్రి గారు అతనిని చేరదీసి నేర్పిరి. 1974లో ఆయన కన్నుమూయు నాటికి తెలుగువారిలో ఆ గొంతు ఎరుగనివారు అరుదు. ఆ గొంతు దేవుడిచ్చినదే. అయితే ఒక గురువు వాకిలి తెరువకుండిన యెడల, పేరు తెలియని తల్లులు ముద్ద పెట్టకుండిన యెడల, అది చౌటపల్లి పొలము గట్లమీదనే ఆగిపోయి యుండునేమో! మన సంఘములో అట్టి గొంతులు ఎన్ని ఆగిపోవుచున్నవో ఎవరు లెక్కించిరి?

బందరు రైలులో పోవునప్పుడు పెడన తగులును. అక్కడి కలంకారీ అద్దకమును మీలో కొందరు చూచియుందురు. బట్టను కరక్కాయ రసములోను పాలలోను ముంచి ఆరవేయుదురు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో నానవేసి పులియబెట్టి నల్లరంగు చేయుదురు. ఎవరును కోరని తుప్పు అక్కడ అందమైన గీత అగుచున్నది. ఎఱ్ఱరంగు రావలసిన చోట పటిక కలిపిన ద్రవముతో అచ్చు వేయుదురు. అప్పుడు అక్కడ ఎఱుపు కానరాదు. బట్టను రంగునీళ్లలో కాచినప్పుడే ఎఱుపు పైకి వచ్చును. యౌవనస్థుని విషయమందును ఇట్లే. మనము నేర్పినది ఆ దినమే కనబడదు. జీవితము కాచినప్పుడు కనబడును. కాని ముందు అచ్చు వేయని చోట, ఎంత కాచినను ఆ ఎఱుపు రాదు.

ఇక మా తప్పిదమును ఒకటి ఒప్పుకొనవలసి యున్నది. రెండేండ్ల క్రిందట క్రిస్మసుకు ముందు, దివిసీమలోని ఒక గ్రామములో పదునారేండ్ల కుఱ్ఱవాడు అటకమీదనుండి తన ముత్తాత డప్పును దించి బాగుచేయించి గుడికి తెచ్చెను. గొల్లలు పశులతొట్టియొద్దకు పోవు ఘట్టములో వాయించెదనని వాని కోరిక. సంఘపెద్ద యొకరు లేచి, "అయ్యగారూ, ఊరిలో చావు వచ్చినా, జాతర వచ్చినా మా నాయన్ని పిలిచి ఇది కొట్టించారు. గుమ్మం బయట నిలబెట్టి కూలి విసిరారు. ఇది దించుకోవడానికేగా మేము యేసయ్య దగ్గరికొచ్చింది? మళ్లీ గుళ్లోకి తెస్తారా?" అని అడిగెను.

ఆ మాటలో బాధ యున్నది, న్యాయమును ఉన్నది. మేము ఆ బాధను విచారించలేదు, బాలుని ఆశను విచారించలేదు. పండుగ దినములలో గొడవ యెందుకని తలంచి, "నాయనా, దానిని ఇంటికి తీసికొని పొమ్ము" అంటిమి. వాడు మాట్లాడక పోయెను. క్రిస్మసు ఆరాధనకు రాలేదు. కొత్త సంవత్సరపు ఆరాధనకు రాలేదు. శ్రమకాలము సగము గడచిన తరువాత వాని నాయనమ్మ మాతో, "అయ్యగారూ, పిల్లోడు చీకటిపడితే కాలవగట్టు మీదే ఉంటున్నాడు. ఎవరెవరితో తిరుగుతున్నాడో తెలియదు. ఫోను పట్టుకుంటే అన్నానికి కూడా లేవడు" అని కన్నీళ్లు పెట్టుకొనెను.

ఆ రాత్రి ఈ ధ్యానభాగమును చదివితిమి. మునుపు చదివినదే. అయితే రెండు వచనములు మమ్మును నిలదీసెను. 32వ అధ్యాయములో ప్రజలు తమ చెవిపోగులు తీసియిచ్చిరి, దానితో దూడ తయారాయెను. 35వ అధ్యాయములో ఆ ప్రజలే మరల చెవిపోగులు తెచ్చియిచ్చిరి, దానితో దేవుని మందిరము తయారాయెను. బంగారము రెండు చోట్లను బంగారమే. దూడయైనది గనుక ఇక బంగారమే వద్దని దేవుడు చెప్పలేదు. దానిని ఎవరికొరకు, ఎవరి అధికారము క్రింద వాడుచున్నామనునదే ప్రశ్న. అంతేకాదు, ఆ పనివారు ఐగుప్తులో దాసులై కొరడా దెబ్బలు తినిన జనము. దాస్యములో అలసిన చేతులనే దేవుడు పరిశుద్ధ స్థలము కట్టుటకు పిలిచెను. దాసుని చేతిపని వేరు, స్వతంత్రుని చేతిపని వేరు.

మరునాడు మేము ఆ బాలుని యింటికి పోయి క్షమాపణ అడిగితిమి. అటుతరువాత ఆ సంఘపెద్ద యింటికి పోతిమి. నచ్చచెప్పుటకు కాదు, వినుటకు పోతిమి. ఆయన తన తండ్రిని గూర్చి రెండు గంటలు చెప్పెను. చాలసేపు ఊరకుండి చివరకు, "మా నాయన ఎవరో పిలిస్తే కొట్టాడు. వీడు తనంతట తాను దేవుడికి కొడతానన్నాడు. రెండూ ఒకటి కాదులెండి" అనెను. మేము వ్రాసిన ప్రసంగములలో ఇంత మంచి వ్యాఖ్యానము లేదు. ఆ సాయంకాలము ఆయనయే బాలుని పిలిచి, గడ్డిమంట వేసి, చర్మమును ఎంత దూరమున కాచవలెనో, బిగిసినదని ఏ మ్రోతవలన తెలియునో చూపెను. ఏబది ఏండ్లుగా ముట్టని చేతులు మరువలేదు!

అప్పుడు యౌవనస్థులకు ఒక పని కుదిరెను. 1977 నవంబరు 19న మన సీమను ముంచిన ఉప్పెనను గూర్చి పెద్దలను అడిగి తెలిసికొని బుఱ్ఱకథగా కూర్చుట. మేమును ఆనాటికి పుట్టలేదు. వేలమంది పోయిన ఆ రాత్రిని మన పిల్లలు స్మారక స్తంభముల మీద మాత్రమే చదువుచున్నారు. సౌలును యోనాతానును కూలినప్పుడు దావీదు విలాపగీతము రచించి, దానిని యూదావారికి నేర్పుమని ఆజ్ఞాపించెను (2 సమూయేలు 1:17, 18). దుఃఖమును కూడ నేర్పవలెనా? నేర్పవలెను. దుఃఖమును పాడుట నేర్వనివాడు దానిని మద్యములోనో కోపములోనో ముంచును.

ఆరు నెలలు సాధన జరిగెను. కథకురాలుగా ఒక బాలిక తంబుర పట్టెను. ఇరువైపుల వంతలుగా ఇద్దరు బాలురు నిలిచిరి. బుఱ్ఱకథలో వంత వాడు కథకుని మాట వినక తన మాట చెప్పలేడు, అడుగు కలుపక నిలువలేడు. ఇంటిలో తల్లి మాట విననివాడు అక్కడ వినుట నేర్చుకొనెను. నత్తిగల యొకడు పాటలో తడబడలేదు. తప్పు చెప్పినవానిని నవ్వక దిద్దుటను మిగిలినవారు నేర్చుకొనిరి. అందరును మారిపోయిరని మేము చెప్పము. ఒకడు నడుమనే మానుకొనెను, వానికొరకు ఇంకను ప్రార్థించుచున్నాము.

గత నవంబరు 19 సాయంకాలము గుడి ఆవరణలో కథ చెప్పిరి. డప్పు మొదట జనమును పిలిచెను. కెరటము వచ్చు ఘట్టములో బాలుడు వాయించుట ఆపివేసెను. ఆ నిశ్శబ్దములో ఒక వృద్ధురాలు లేచి, తాను పోగొట్టుకొనిన ముగ్గురు బిడ్డల పేర్లు చెప్పెను. ఆ పేర్లను ఆమె నోట గ్రామము మునుపెన్నడు వినలేదు. మరి నలుగురు లేచి తమవారి పేర్లు చెప్పిరి. మేము సిద్ధపరచుకొనిన వర్తమానమును మడిచి జేబులో పెట్టుకొని, ప్రార్థనచేసి ముగించితిమి.

ప్రియులారా, మనము చేయవలసినదేమి?

మొదటిది, నేర్పగలవారిని వెదకుడి. హార్మోనియము వాయించు పెద్దలు, కీర్తనల పాత రాగములు తెలిసిన అవ్వలు, అద్దకపు పనివారు, బొమ్మలు వేయువారు మన మధ్యనే యున్నారు. 19వ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి గారు సువార్తను తెలుగు రాగములలో పొదిగి యిచ్చిరి. ఆ రాగములు ఎరిగినవారు పోకమునుపే మన పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టుడి.

రెండవది, అందరికిని చోటియ్యుడి. దేవాలయ గాయకులు 288 మంది యుండగా, పిన్న పెద్ద, గురువు శిష్యుడు అను భేదము లేక చీట్లు వేసిరని 1 దినవృత్తాంతములు 25లో యున్నది. బాగుగా పాడువానికే ప్రతిసారి మైకు ఇచ్చి, మిగిలినవారిని చప్పట్లకు కూర్చుండబెట్టుట న్యాయము కాదు. బాలికలను వాకిలి ఊడ్చుటకును బాలురను వేదికకును పంపుట అసలే తగదు.

మూడవది, సత్యమును విడువకుడి. వినోదము కొరకు వాక్యమును వంకరచేయు పాట, పొరుగువారి మతమును ఎగతాళిచేయు నాటకము దూడకు చెందినవి, మందిరమునకు చెందినవి కావు.

నాలుగవది, కొంచెము ఖర్చుపెట్టుడి. మందిరపు పనికి ప్రజలు ఎక్కువగా తెచ్చుచుండగా ఇక చాలునని మోషే చాటింపవలసి వచ్చెను. మన సంఘములలో అట్టి చాటింపు అవసరము ఇంకను రాలేదు! లౌడుస్పీకరుకు వేలు పోయుదుము, చినిగిన హార్మోనియము తిత్తికి నూరు రూపాయలు అడిగిన లెక్కల పుస్తకము తెరచెదము.

ఈ నెలలో ప్రతి సంఘపెద్ద తన పేటలోని ఒక యౌవనస్థునితో కూర్చుండి, "నాయనా, నీకేమి చేతనగును? ఏమి నేర్చుకొనవలెనని యున్నది?" అని అడుగవలెనని మా మనవి. సలహా చెప్పుటకు ముందు వినుడి. వాడు తెచ్చినదానిని చూచి వెంటనే ఇంటికి పొమ్మనకుడి. మేము అట్లు చేసి ఒక బిడ్డను దాదాపు పోగొట్టుకొంటిమి.

ప్రార్థన: మట్టిని చేతులతో మలచిన మా సృష్టికర్తా, మా బిడ్డల చేతులలో నీవు దాచిన పనిని చూచు కన్నులు మాకిమ్ము. మేము మూసిన వాకిళ్లను నీవు తెరువుము. మమ్మును అవమానపరచిన వాటిని సయితము నీ స్తుతికొరకు విమోచింపుము. వడ్రంగివాని యింట పెరిగిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.