పరదేశి మనస్సు

ధ్యానభాగములు: నిర్గమకాండము 23:9, దానియేలు 1:3-8, ఎఫెసీయులకు 2:19



పరదేశిని బాధింపకూడదని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించినప్పుడు, అందుకు ఆయన చూపిన కారణము గమనింపదగినది. పరదేశి మంచివాడనిగాని, మీకు పనికివచ్చువాడనిగాని ఆయన చెప్పలేదు. ఐగుప్తులో మీరును పరదేశులైయుంటిరి గనుక వాని మనస్సు మీకు తెలియునని జ్ఞాపకము చేసెను. ఆ మనస్సులో ఏమున్నది? దుఃఖమున్నది, భయమున్నది, వాటికంటె తరచుగా విసుగున్నది.

మొదటిది, ఆ విసుగు చిన్న సంగతులలో పుట్టును. ఎఱ్ఱసముద్రము పాయలగుట కన్నులార చూచిన జనులు అరణ్యములో దేనికొరకు ఏడ్చిరి? కీరకాయల కొరకు, ఉల్లిగడ్డల కొరకు (సంఖ్యాకాండము 11:5). మనుష్యుడు పరాయిచోట పెద్ద కష్టమును పండ్లు బిగించి ఓర్చుకొనును. కూర రుచి, మాట యాస, పలకరించు తీరు, ఇవి ప్రతిదినము పొడుచుచుండగా కృంగిపోవును.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతమునకు వచ్చిన విదేశీయుని తలంచుడి. వాడు పుస్తకములో ఒక తెలుగు నేర్చుకొని వచ్చును. అంగడిలో ఉర్దూ కలిసిన వేరొక తెలుగు వినబడును. తండాకు పోయిన యెడల లంబాడీ భాష. నిజాము కాలములో కచేరీలో ఉర్దూ రానివానికి పని జరుగుట కష్టము. ‘ల’కును ‘ళ’కును, ‘న’కును ‘ణ’కును భేదము వాని చెవికి అందదు. దారిలో ఎదురైన ప్రతివాడును “యాడికి పోతున్నవు?” అని అడుగగా, ఇది పలకరింపని తెలియక, వీరు నన్ను విచారణ చేయుచున్నారని నొచ్చుకొనును. “పోయొస్త” అని లేచిన అతిథి మరల వచ్చునని దీపము పెట్టుకొని కూర్చుండును. తల అడ్డముగా ఊపినది ఔననియో కాదనియో వానికి తోచదు. మనకు ఇవి నవ్వు పుట్టించును. వానికి రాత్రివేళ కన్నీరు తెప్పించును.

రెండవది, ఆ విసుగును జయించినవారు ప్రేమచేత జయించిరి. 1907లో మన దేశమునకు వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానిని మన జిల్లాలవారు ఎరుగుదురు. కామారెడ్డినుండి నిజామాబాదు పోవు దారిలోనున్న డిచ్‌పల్లిలో, నర్సాగౌడుగారి దాతృత్వముతో, 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి ఆమె ప్రయాసమువలన స్థాపింపబడెను. సొంత బంధువులే విడిచిన రోగిని పరాయిభాష మాటాడు స్త్రీ ముట్టెను. మెదకులో పాస్నెట్ దొరగారు కట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ఇట్టివారు మన భాష నేర్చుకొనినది దానిలో పండితులగుటకు కాదు, మన నొప్పి ఎక్కడనో అడిగి తెలిసికొనుటకు.

తెలుగు నేర్చుకొను ఇంగ్లీషువారికి ఒక చిక్కున్నది. వారి భాషలో ఒక్క మాటయే గల చోట మనకు రెండు మాటలున్నవి: ‘మేము’, ‘మనము’. వినువానిని వెలుపల ఉంచునది మేము. వానిని లోపలికి చేర్చుకొనునది మనము. ఒకడు దేవునితో ‘మనము పాపము చేసితిమి’ అని ప్రార్థించిన యెడల దేవునిని కూడ పాపులలో కలిపినట్లగును! గనుక మొదట ‘మేము’ నేర్చుకొనవలెను. అయితే పొరుగువానితో మాటాడునప్పుడు ఎన్నటికిని ‘మేము’ దాటని వాని తెలుగు, వ్యాకరణము సరియైనను, ఇంకను పూర్తికాలేదు.

మూడవది, నేడు ఆ పరదేశులము మనమే. మన గ్రామములలో దుబాయికో, మస్కటుకో, కువైటుకో, సౌదీకో మనుష్యుని పంపని వాడ అరుదు. అక్కడ మేస్త్రీ కేకవేసినది అరబ్బీయో హిందీయో తెలియక నిలిచిపోవువాడు మన తమ్ముడు. జొన్నరొట్టె కొరకు మనసు లాగుచుండగా ఖుబ్బూసు నములువాడు మన బిడ్డ. శుక్రవారము సెలవైన దేశములలో వాడు ఆరాధనకు కూడుకొనునది శుక్రవారమే. ఆదివారము ఇక్కడ గంట మ్రోగువేళ వాడు ఎండలో పనిచేయుచుండును. ఫోనులో “మంచిగున్న” అనును. అమ్మా, ఆ మాట వెనుకనున్నదానిని వినుము.

వానికి దానియేలు మాదిరి. కల్దీయులు అతని పేరునే మార్చిరి. మూడు సంవత్సరములు వారి భాష నేర్చుకొనుమనిరి. అతడు అలిగి కూర్చుండక దానిని నేర్చుకొనెను. అయితే రాజు భోజనముచేత తన్ను అపవిత్రపరచుకొనకూడదని హృదయములో నిశ్చయించుకొనెను. భాష నేర్చుకొనుట విశ్వాసమును విడుచుట కాదు. పరాయివారి మర్యాద ఎరుగుట మన మర్యాద పోగొట్టుకొనుట కాదు.

మరి మనయొద్దకు వచ్చినవారి సంగతి ఏమి? బీహారునుండి రైసుమిల్లులకు, ఒడిషానుండి ఇటుక బట్టీలకు మన తెలంగాణకు వచ్చినవారున్నారు. దుబాయిలో మన తమ్ముని యాసను వెక్కిరించినవారిని మనము శపించుదుము. ఇక్కడ బీహారు కూలివాని తెలుగును మన పిల్లలు వెక్కిరించగా నవ్వుదుము. ఇది ఏ తక్కెడ? ఒక అక్షరము సరిగా పలుకలేదని యొర్దాను రేవులయొద్ద చంపబడినవారి సంగతి న్యాయాధిపతులు 12వ అధ్యాయములో చదువుడి. యాసను బట్టి మనిషిని తూచుట అక్కడివరకు పోగలదు.

ఈ మాసము ప్రతి కుటుంబమును ఒక పని చేయవలెను. మీ వీధిలో పనిచేయు పరాయివాని పేరు అడిగి, దానిని సరిగా పలుక నేర్చుకొనుడి. “తిన్నవా?” అనునది వాని భాషలో ఎట్లో వానినే అడుగుడి. మన నోట అది తప్పుగా వచ్చి వాడు నవ్విన యెడల మంచిదే. ఆ దినమున వాడు గురువు, మనము శిష్యులము.

పరలోకమును విడిచి వచ్చిన మన ప్రభువు నజరేతులో తల్లి ఒడిలో ఒక్కొక్క మాట నేర్చుకొనెను. తన స్వకీయులయొద్దకు వచ్చియు పరాయివానివలె త్రోసివేయబడెను. దూరస్థులమైన మనలను ఆయన తన ఇంటివారిగా చేసెను. మనము చేర్చుకొనబడినవారము గనుక చేర్చుకొనువారమై యుందుము. సముద్రము అవతల ఉన్న మన బిడ్డలను, మన గుమ్మము ఎదుట ఉన్న పరదేశులను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.