సూది జ్ఞాపకం

1911లో జెనీవా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వార్ క్లపారెడ్ తన రోగి ఒకామె గురించి రాశాడు. ఆమెకు 47 ఏళ్లు. కొత్త సంగతేదీ మనసులో నిలవదు. రోజూ చూసే డాక్టరు కూడా ఆమెకు కొత్తవాడే. ఒకసారి ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని చెయ్యి కలిపాడు. గుచ్చుకున్న నొప్పిని ఆమె కొద్దిసేపటికే మరిచిపోయింది. కానీ ఆయన మళ్లీ చెయ్యి చాచినప్పుడు తన చెయ్యి వెనక్కి తీసేసుకుంది. కారణం అడిగితే, చెయ్యి ఇవ్వకుండా ఉండే హక్కు తనకు లేదా అని ఎదురు ప్రశ్న వేసింది.

ఇంతకీ ఆమెకు సూది సంగతి తెలుసా, తెలియదా?

1995లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు ముగ్గురు రోగులకు ఒక రంగు చూపించి, వెంటనే పెద్దగా హారన్ మోగించారు. హిప్పోకాంపస్ దెబ్బతిన్న వ్యక్తికి ఏ రంగు తర్వాత హారన్ మోగిందో గుర్తులేదు, అయినా ఆ రంగు కనబడితే ఒళ్లు ఉలిక్కిపడింది. అమిగ్డాలా దెబ్బతిన్న వ్యక్తి జరిగిందంతా చెప్పగలిగినా ఒంట్లో ఏ అలజడీ లేదు. రెండూ దెబ్బతిన్న మూడో వ్యక్తికి అదీ లేదు, ఇదీ లేదు. జరిగింది చెప్పే జ్ఞాపకం వేరు, భయపడడం నేర్చుకున్న జ్ఞాపకం వేరు. మామూలుగా రెండూ కలిసే పనిచేస్తాయి కనుక మనకి తేడా తెలియదు.

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేస్తూ నేను గమనించిందేమిటంటే, మనం సాక్ష్యమని ఒప్పుకునేది మొదటి రకాన్నే. తేదీ, చోటు, వరస కావాలి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదును మామూలుగా మూడు నెలల్లోగా రాసివ్వమంటుంది. "అంత జరిగితే తేదీ గుర్తుండదా?" అనే ప్రశ్న వెనక, జ్ఞాపకమంటే ఒకటే అన్న నమ్మకం ఉంది.

అలాగని ఒంటి జ్ఞాపకాన్ని పీఠమెక్కించడానికీ నాకు మనసొప్పదు. అమిగ్డాలా నేర్చుకుంటుంది, విచారించదు. ఫలానా కులంవాళ్లంటే, ఫలానా మతంవాళ్లంటే జాగ్రత్త అని ఇంట్లో నూరిపోసిన భయం కూడా ఒంట్లో అంతే నిజంగా కదులుతుంది. ఆ భయం అవతలివాడి మీద నేరంగా మారితే ఏమవుతుందో దళిత స్త్రీలు మనకి ఎప్పుడో చెప్పారు. "ఆడవాళ్లకి ముందే తెలిసిపోతుంది" అన్న పొగడ్తా ప్రమాదమే. తర్కం మగవాళ్లకి వదిలేసి మనకి ఉలికిపాటు మిగులుస్తుంది.

అందుకే నిరాకరించడాన్నీ, నేరం మోపడాన్నీ విడదీయాలంటాను. ఒకరిని దోషిగా నిలబెట్టాలంటే ఆధారాలు వెతకాలి, ఆ వెతుకులాట భారం ఆమె ఒక్కదానిదే కాకూడదు. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లను, ఆయన దగ్గర పనిచేయను అనడానికి మాత్రం ఏ ఋజువూ అక్కర్లేదు. మన సంస్థలు ఈ రెంటినీ కలిపేసి, ఋజువు చేయలేకపోతే చెయ్యి కలపాల్సిందే అంటున్నాయి.

గైడ్‌ని మార్చమని అడిగే విద్యార్థినుల దరఖాస్తులు మనలో కొందరి బల్లల మీదికే వస్తాయి. అందులో 'కారణం' అన్న చోట ఆమె ఏమీ రాయకపోయినా సంతకం పెట్టడం మన చేతిలో ఉన్న పనే.