పూర్తికాని గోపురము

ధ్యానభాగములు: లూకా 13:1–5, లూకా 14:28–30, 2 రాజులు 4:1–7



మెదకు పట్టణమునకు వచ్చువారికి దూరమునుండియే కంటబడునది మన దేవాలయపు గోపురము. 1914లో మొదలైన ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. నడుమ పది సంవత్సరములు గడచినవి. ఆ కాలములోనే మొదటి ప్రపంచ యుద్ధము జరిగినది, కరవు వచ్చినది. చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఆకలిగొన్నవారికి పని చూపి ఆ మందిరమును కట్టించినారని మన పెద్దలు చెప్పుదురు. పూర్తియైన గోపురమును చూచుటకు నలుదిక్కులనుండి జనులు వచ్చుచున్నారు. పూర్తికాని గోపురమును చూచుటకు ఎవరు వత్తురు? వచ్చినను నవ్విపోవుటకే వత్తురు.

ఈ నెల మనము తలంచుకొనవలసినది అట్టి గోపురమును గూర్చియే. అనగా, ఆశతో ఒక వ్యాపారము పెట్టి, దానిని నిలుపుకొనలేక నష్టపోయిన మనుష్యుని గూర్చి.

ఇప్పుడు స్టార్టప్ అను మాట పల్లెలకు కూడ వచ్చినది. 2015 నవంబరులో హైదరాబాదులో టి-హబ్ ప్రారంభమైన తరువాత మన పిల్లల నోట ఈ మాట మరింత వినబడుచున్నది. పేరు కొత్తదే గాని సంగతి కొత్తది కాదు. కోళ్ల షెడ్డు వేసినవాడు, మడిగె అద్దెకు తీసికొని సెల్‌ఫోనులు బాగుచేయు దుకాణము పెట్టినవాడు, నాలుగు కుట్టుమిషనులు కొని పదిమందికి పని చూపిన తల్లి, కిస్తీలమీద ట్రాక్టరు తెచ్చినవాడు, వీరందరు చేసినది అదే పని. గెలిచినవారి ఫొటోలు పత్రికలలో పడును. ఓడినవారి మాట ఎవరును ఎత్తరు. అయితే ఓడినవారు కొద్దిమంది కారు. అమెరికా ప్రభుత్వపు కార్మిక గణాంకములను చూడగా, అక్కడ కొత్తగా పెట్టిన వ్యాపారములలో సుమారు అయిదింట ఒకటి మొదటి సంవత్సరములోనే మూతబడుచున్నది. అయిదేండ్లు నిండునప్పటికి సుమారు సగము ఉండుటలేదు. అంత ధనముగల దేశములోనే అట్లుండగా, చేతిలో పుస్తెలతాడు తప్ప వేరు మూలధనము లేని మన ఇండ్లలో ఎట్లుండును?

మన సంఘములలో దీని ఫలము మనము చూచుచునే యున్నాము. షట్టరు దించిన వారమునుండి ఆ కుటుంబము ఆరాధనకు రాదు. వచ్చినను వెనుక కూర్చుండి, ఆశీర్వాదము కాకమునుపే లేచి పోవును. ఏలయనగా అప్పిచ్చినవాడు ముందు వరుసలో ఉన్నాడు. మిగిలినవారు గుమ్మము దగ్గర నిలువబడి, వీరి ఇంట ఏదో దోషమున్నది గనుకనే దేవుడు చెయ్యి తీసివేసినాడని మెల్లగా చెప్పుకొందురు. ఈ మాట న్యాయమైనదా? నష్టము పాపమునకు గురుతా?

మొదటి సంగతి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములోని తక్కినవారికంటె పాపులు కారని ప్రభువు తేటగా చెప్పెను. కూలుటకును దోషమునకును లెక్క కట్టవద్దని దాని భావము. మన కండ్లముందు జరిగినదే చూడుడు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో కోడిమాంసము తిన్నయెడల కరోనా వచ్చునను వదంతి పుట్టి, కోళ్ల ధర ఒక్కసారిగా పడిపోయినది. షెడ్డు శుభ్రముగా ఉంచుకొని, మేత వేళకు వేసి, రాత్రులు మేలుకొని కాచిన రైతు ఏమి తప్పు చేసెను? మంబోజిపల్లి చక్కెర కర్మాగారమును తలంచుకొనుడు. 1937లో బోధనులో ఆరంభమైన నిజాం చక్కెర సంస్థ ఎంతో పేరుగలది. ప్రభుత్వమే దాని వెనుక ఉండెను. 2002లో అది ప్రైవేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో బోధను, ముత్యంపేట కర్మాగారములతోబాటు మంబోజిపల్లిలోనిది కూడ మూతబడినది. చెరకు వేసిన రైతులయొక్కయు, పనివారియొక్కయు పాపమువలన అది మూతబడెనని ఎవరైనను చెప్పుదురా? పెద్ద కర్మాగారము విషయములో చెప్పని మాటను చిన్న దుకాణము విషయములో ఎందుకు చెప్పవలెను?

రెండవ సంగతి. సిలోయమును గూర్చి చెప్పిన ప్రభువే, తరువాతి అధ్యాయములో మరియొక గోపురమును గూర్చి చెప్పెను. కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, కొనసాగించుటకు చాలినంత ఉన్నదా అని లెక్క చూచుకొనడా అని అడిగెను. ఆయన అక్కడ బోధించినది శిష్యత్వమును గూర్చియే. అయినను ఆ ఉపమానము కట్టువాని అనుభవమునుండి తీసినదే. గనుక మన తప్పేమియు లేదనుకొని కన్నులు మూసికొనరాదు. కోళ్ల షెడ్డు వేయువాడు సాధారణముగా ఒక విడతకు వచ్చు ఆదాయమునే లెక్కించును. అయితే ఒక విడత కోళ్లు వెళ్లి తరువాతి విడత పిల్లలు వచ్చువరకు షెడ్డు ఖాళీగా ఉండును; కిస్తీ మాత్రము ఖాళీగా ఉండదు. ఎండకాలములో చచ్చు కోళ్లు, కరెంటు బిల్లు, భార్యాబిడ్డలు కూలి లేకుండ చేసిన పని, ఇవన్నియు లెక్కలోనివే. ఆరు నెలలు గిరాకి లేకపోయినను ఇల్లు గడుచునా అని అడుగుకొనుట అవిశ్వాసము కాదు. ఉన్నదంతయు ఒక్కచోట పెట్టక పంచి పెట్టుమని ప్రసంగి పదునొకండవ అధ్యాయములో సలహా ఇచ్చుచున్నాడు.

అయితే ఒకటి గమనింపుడు. పూర్తిచేయలేనివానిని చూచువారు ఎగతాళి చేయుదురని ప్రభువు చెప్పెనే గాని, ఎగతాళి చేయుమని చెప్పలేదు. ఆ సలహా కట్టువానికే. త్రోవన పోవువారికి మెప్పు ఏమియు లేదు.

మూడవ సంగతి. నష్టము పాపము కానేరదు గాని, నష్టమును దాచుట మనలను పాపములోనికి నడుపును. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు తమ కంపెనీ లెక్కలలో లేని ధనమును ఉన్నట్లు చూపితిమని ఉత్తరము వ్రాసి ఒప్పుకొనిరి. చిన్నదిగా మొదలైన తేడా ఏడాదికేడాది పెరిగి వేల కోట్లయినది. మన ఇండ్లలో అంకెలు చిన్నవి, దారి మాత్రము అదే. పాత కిస్తీ కట్టుటకు కొత్త అప్పు; దానిని తీర్చుటకు మరియొకటి; భార్యకు తెలియకుండ బంగారము కుదువ; పూచీ ఉన్న మిత్రునితో అంతయు బాగున్నదను మాట. 2010లో మన రాష్ట్రములో సూక్ష్మ ఋణ సంస్థల వసూళ్ల బాధకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారి వార్తలు వచ్చినవి. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. ఒక స్త్రీ కట్టలేనప్పుడు గుంపులోని తక్కినవారు ఆమె గుమ్మములో కూర్చుండిరి. పొరుగువారే వసూలుదారులైరి. ఈ మాట చదువుచున్నవారిలో అట్టి బాధలో నున్నవారుంటే, మేము వేడుకొనుచున్నాము: ఈ రాత్రియే మీ ఇంటివారికి చెప్పుడు, రేపు ఉదయమే పాస్టరుగారికి చెప్పుడు. ఏ అప్పును మీ ప్రాణమంత విలువగలది కాదు. చెప్పినందున అప్పు తగ్గదు. కాని ఒంటరితనము తగ్గును, తీర్చు మార్గము కనబడుటకు సమయము దొరకును.

నాలుగవ సంగతి. అప్పు మాటేమి? మన ప్రాంతములో దివాలా దరఖాస్తు వేయుటను ఐ.పి. పెట్టుట అందురు. ఆ మాట వినగానే మోసము అని తలంచుదురు. ఆస్తిని ముందే బావమరది పేరున వ్రాసి ఐ.పి. పెట్టినవాడు మోసగాడే. అయితే ఉన్నదంతయు ముందు పెట్టి, ఇక లేదని చెప్పినవాడు మోసగాడు కాడు. ఎలీషా దినములలో ఒక విధవ మొర్రపెట్టెను. ఆమె భర్త దైవభక్తుడే, అయినను అప్పుతోనే చనిపోయెను. అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవ వచ్చెను. ప్రవక్త ఆమెను నిందింపలేదు. ఇంట ఏమి మిగిలినదని అడిగెను. నూనె వచ్చిన తరువాత ముందు అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రదుకుమని చెప్పెను. వరుస గమనింపుడు: మొదట ఋణము, తరువాత జీవనము. కొంచెము కొంచెముగానైనను తీర్చుదునను మనస్సు విశ్వాసికి తగినది.

అప్పిచ్చినవానికి కూడ ఒక హద్దు కలదు. తిరుగటి రాతిని తాకట్టు పట్టరాదని ద్వితీయోపదేశకాండము 24:6లో ఉన్నది. అది మనుష్యుని జీవనాధారమును పట్టుటయే. మన దేశపు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను కూడ చేతిపనివాని పనిముట్లను, రైతు వ్యవసాయపు పనిముట్లను, బ్రదుకుతెరువుకు అవసరమైన పశువులను, విత్తనములను జప్తు చేయరాదని చెప్పుచున్నది. కుట్టుమిషను ఎత్తుకొనిపోయినవాడు అప్పు వసూలు చేయలేదు. అప్పు తీరు దారిని మూసివేసెను.

మరి మన సంఘము ఏమి చేయవలెను? ఆ విధవ పొరుగువారు ఆమెకు ధనమిచ్చినట్లు వ్రాయబడలేదు. ఖాళీ పాత్రలు ఇచ్చిరి, అంతే. ఆ పాత్రలు లేకపోయినయెడల నూనె పట్టుటకు చోటు లేకపోవును. మనమును అట్టివి ఇయ్యగలము. లెక్క తెలిసిన ఒకరు ఆ కుటుంబముతో కూర్చుండి, ఎవరికెంత ఇయ్యవలెనో కాగితముమీద వ్రాయవచ్చును. ఇద్దరు పెద్దలు వెళ్లి అప్పులవారిని గడువు అడుగవచ్చును. రోజు కూలి చూపవచ్చును. మరియు ఆదివారమున ఆ కుటుంబము వచ్చినప్పుడు ప్రక్కన చోటిచ్చి కూర్చుండబెట్టవచ్చును. వ్యాపారము మాట ఎత్తకుండుట కూడ ఒక పాత్రయే.

మన పెద్దలు పది సంవత్సరములు రాళ్లు మోసి ఒక గోపురమును లేపిరి. కూలిన గోపురము క్రిందనున్న మనుష్యుని లేపుటకు మనకు అంత కాలము పట్టరాదు. ప్రభువు మనకు ఆ కనికరమును దయచేయును గాక.