'యూ' యను మాట

ఆంగ్లభాషలో 'యూ' తొలుత బహువచనము. ఒక్కరిని 'దౌ' యనెడివారు. గొప్పవారిని, ఒక్కరే యైనను, 'యూ' యనుట క్రమముగా మర్యాద యయ్యెను. 17వ శతాబ్దిలో జార్జి ఫాక్సును, ఆయన యనుచరులగు క్వేకరులును ధనికులని దరిద్రులని భేదింపక యెల్లరను 'దౌ' యనియే పలికి, అందులకై తిట్లును దెబ్బలును తినిరి. తుదకు నిలిచినది 'యూ'యే. క్వేకరులు గొప్పవారిని దింపి సమము చేయజూచిరి. వాడుక యెల్లరను బైకెత్తి సమము చేసెను. ఇది ధర్మబుద్ధితో జరిగినదని మేము భ్రమపడము.

అయినను మన విద్యావంతులు ఇంగ్లీషున న్యాయాధిపతిని బంట్రోతును గూడ నొక్క 'యూ'తోనే సంబోధింతురు; ఇల్లు చేరి తెలుగున, తండ్రి యీడు గల తోటమాలిని 'ఏరా' యందురు. ఆతడు మన పసివానిని 'బాబుగారూ' యనును! 'మీరు' మనకు లేని పదమా? మేమును నిరుడు మాత్రమే యారంభించితిమి. తొలినాడు 'మీరు కూర్చుండుడు' అనగా, మా తోటమాలి తన వెనుక నెవరు నిలిచిరో యని తిరిగి చూచెను.