టీ మానకు, అల్లుడూ

అల్లుడూ, నీ చొక్కాకి పొగ వాసన వస్తోందట. గట్టిగా తిట్టమని మీ అమ్మ పురమాయించింది. తిడితే మానేవాడివైతే తిట్టేవాణ్ణే.

రుచి నచ్చి మొదటి సిగరెట్టు కాల్చినవాడు నాకింతవరకూ తగల్లేదు. దగ్గొస్తుంది, కళ్లు తిరుగుతాయి. అయినా రెండోది వెలిగిస్తాడు. ఎందుకంటే పక్కన నలుగురున్నారు. యూనివర్సిటీ కొత్త, హాస్టల్ కొత్త. సీనియర్ "ఒక్క దమ్ము లాగరా" అంటే వద్దనడానికి మొహమాటం.

ఇది మీ కాలంలో పుట్టిన జబ్బేం కాదులే. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం' నాటకంలో, గిరీశం దగ్గర వెంకటేశానికి చదువు అబ్బలేదు, చుట్ట అబ్బింది. మన ఉత్తరాంధ్ర ఆడవాళ్లూ తక్కువ తినలేదు. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేవారు. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు. ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టలేదు. అంగిలి కాలి మచ్చలు పడేవి. అది కేన్సర్‌కి దారితీస్తుందని డాక్టర్లు మన విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్లని పరీక్షించే తేల్చారు. నిప్పు నోట్లో పెట్టుకోవడం కూడా, చుట్టూ అందరూ చేస్తుంటే, వింతగా అనిపించదు చూడు!

ఇంకో సంగతి. సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ వెయ్యాలని రూలుంది. మీరు కొనేది చిల్లరగా, ఒక్కొక్కటి. బొమ్మ బడ్డీవాడి దగ్గరే ఉండిపోతుంది. కాలేజీకి 100 గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టం చెప్తోంది గానీ, కుర్రాళ్లకి 101వ గజం ఎంత దూరం?

కాబట్టి ఆగాల్సింది నువ్వే. అలాగని స్నేహితుల్ని వదిలెయ్యమని చెప్పను. బీచ్ రోడ్డుకి వెళ్లు, వాళ్లతో టీ తాగు, ఎంతసేపైనా కబుర్లు చెప్పు. సిగరెట్టు చేతికొస్తే "నాకొద్దురా" అని పక్కవాడికి అందించెయ్. కారణం చెప్పబోకు. చెప్తే వాదన మొదలవుతుంది. నాలుగు రోజులు ఏడిపిస్తారు, తర్వాత మర్చిపోతారు. అప్పటికే అలవాటు ముదిరి, మానడం నీ వల్ల కాకపోతే, పొగాకు మానడానికి సాయపడే 1800-11-2356 నంబరుకి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, సిగ్గూ పడక్కర్లేదు.

వచ్చే ఏడు నువ్వే సీనియర్‌వి. మొహమాటపడే కుర్రాడొకడు నీ పక్కన నిలబడతాడు. వాడికి టీ ఇప్పించు, పునుగులు కూడా ఇప్పించు. డబ్బులు చాలకపోతే నన్నడుగు.