గూఢచారియు, ధర్మసందేహమును

ఈ సంచికకు ఏదైన వ్రాయుమని మన సంఘ కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, నేను పోతన భక్తిని గూర్చియో, రాయలవారి కొలువును గూర్చియో వ్రాయుదునని తోటి సభ్యులు తలచియుందురు. ఆ విషయములను వ్రాయదగిన పండితులు మనలో కలరు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు మాత్రమే చదివి, నలుబది సంవత్సరములకు కొంచెము తక్కువగా ఒక కార్యాలయమున గుమాస్తా పని చేసి, నేడు పింఛను పుచ్చుకొనుచున్నవాడను. నాకు బాగుగా తెలిసిన విషయములు రెండే: ఒకటి ఫైళ్లు, రెండవది జేమ్స్ బాండు చిత్రములు. మొదటిదానిని గూర్చి వ్రాసినచో ఎవరును చదువరు గనుక రెండవదానితో ప్రారంభించుచున్నాను. రెండును చివరకు ఒకచోటనే కలియునని మాత్రము ముందుగా మనవి చేసికొనుచున్నాను.

మా పూర్వులు ఎన్నియో తరముల క్రిందట బెంగుళూరు చేరినవారు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాకు పుట్టుకతో వచ్చినవి. మా నాయనగారు 1966లో వచ్చిన కృష్ణగారి 'గూఢచారి 116' కథను భోజనముల వేళ మాకు వినిపించెడివారు. పొరుగింటివారు 1968లో వచ్చిన రాజ్‌కుమార్‌గారి 'జేడర బలె'ను పొగడెడివారు. ఏ గూఢచారి గొప్పవాడను విషయమున మా గోడకు ఇటును అటును వాదములు జరిగెడివి. ఈ ఇద్దరికిని పెద్దన్న వంటివాడు ఒక ఇంగ్లీషువాడు కలడని తెలిసిన పిమ్మట నేను వానిని వెదకికొని పోయితిని. మహాత్మాగాంధీ రోడ్డునందలి ప్లాజా థియేటరులో, అన్నింటికంటె తక్కువ టిక్కెట్టుపై, మెడ పైకెత్తి అతనిని చూచితిని. ఆ థియేటరు నేడు లేదు. సంభాషణలలో సగము నాకు అర్థమయ్యెడివి కావు. కాని పరుగునకును, తుపాకికిని భాష అక్కరలేదు గదా.

ఈ బాండును సృష్టించినవాడు ఇయాన్ ఫ్లెమింగు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు నౌకాదళపు గూఢచార శాఖలో ఉద్యోగము చేసిన ఈయన 1953లో మొదటి నవలను వెలువరించెను. తన కథానాయకునకు చప్పని పేరొకటి కావలెనని తలచి, వెస్టిండీసు పక్షులను గూర్చి పుస్తకము వ్రాసిన ఒక పక్షిశాస్త్రజ్ఞుని పేరును తీసికొనెను. 1962లో 'డాక్టర్ నో'తో చిత్రములు ప్రారంభమైనవి. 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' వరకు, ఆ నిర్మాణసంస్థ తీసినవి ఇరువదియైదు. షాన్ కానరీ మొదలుకొని డేనియల్ క్రేగు వరకు ఆరుగురు నటులు ఆ పాత్రను ధరించిరి. వారిలో రోజర్ మూరు నటించినవి ఏడు. వాటిలో 'ఆక్టోపస్సీ' మన ఉదయపురమున తీయబడి 1983లో వచ్చినది. మన మద్రాసు టెన్నిసు వీరుడు విజయ్ అమృతరాజ్ అందులో బాండునకు తోడ్పడి ప్రాణములు కోల్పోవు పాత్ర ధరించినపుడు, మాకు కలిగిన గర్వమునకును, దుఃఖమునకును మేరలేదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. బాండు సంఖ్య 007. ఆ మొదటి రెండు సున్నలకు అర్థము, విధినిర్వహణలో మనుష్యులను చంపుటకు ప్రభుత్వము ఇచ్చిన అనుమతి. 2006లో వచ్చిన 'కాసినో రాయల్' చిత్రమున ఈ సున్నలు లభించుటకు రెండు హత్యలు కావలెనని చూపిరి. బాల్యమున ఈ అనుమతి నాకు గొప్ప బిరుదుగా తోచెను. నడివయస్సున అది నాకు ఒక ప్రశ్నగా మారెను: ఒకడు చేయరాని పనిని, పైవాడు కాగితముపై సంతకము చేసినంత మాత్రమున, చేయదగిన పనిగా చేయగలడా?

గూఢచారి లేని రాజ్యము లేదని నేనెరుగుదును. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున గూఢపురుషులను తరగతులుగా విభజించెను. తాపసి వేషమున తిరుగువారు, వర్తకుల వేషమున తిరుగువారు మున్నగువారితో పాటు, 'తీక్ష్ణులు' అని ప్రాణమునకు తెగించినవారిని, 'రసదులు' అని విషము పెట్టువారిని పేర్కొనెను. ఈ రసదులు బంధువులయందు ప్రేమలేని క్రూరులుగా ఉండవలెనని ఆయన అభిప్రాయము. ఫ్లెమింగును అట్లే తలచినట్లున్నది. బాండు బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయినవాడు. 1969 నాటి చిత్రమున అతడు వివాహమాడిన కొద్దిసేపటికే భార్య హతురాలగును. ప్రేమించువాడు గురి తప్పునని రాజనీతిజ్ఞులకు భయము కాబోలు.

అయినను ఇరువదియైదు చిత్రములలో నా మనస్సున నిలిచినది అతడు గురి కావలెనని తప్పించిన ఘట్టమే. 1987లో వచ్చిన 'ది లివింగ్ డేలైట్స్'లో టిమోతీ డాల్టను బాండు. శత్రుపక్షమునుండి ఒక సేనాని పారిపోయి వచ్చుచున్నాడు. అతనిని కాల్చుటకు ఎదుటి భవనపు కిటికీలో ఒకరు పొంచియుందురనియు, వారిని చంపవలెననియు బాండునకు ఆజ్ఞ. అతడు గురిచూచును. కిటికీలో కనుపించినది, కొంతసేపటికి ముందు సంగీతసభలో సెల్లో వాయించిన యువతి. తుపాకి పట్టుకొన్న తీరును బట్టి ఆమె ఆ వృత్తికి చెందినది కాదని అతడు గ్రహించును. ఆమెను విడిచి ఆమె చేతిలోని తుపాకిని కొట్టును. తోటి ఉద్యోగి పైవారికి ఫిర్యాదు చేయుదునని బెదరించినను, తన ఉద్యోగము పోయినచో మేలేయని బదులు చెప్పును.

తరువాతి కథలో తెలియవచ్చినది ఏమనగా, ఆమె తుపాకిలో గుండ్లే లేవు. ఆ పలాయనమంతయు నాటకము. తన గుట్టు తెలిసిన ఆ యువతిని ఇంగ్లీషువారి చేతనే చంపింపవలెనని ఆ సేనానియే పన్నిన పన్నుగడ అది. అనగా ఆజ్ఞ ఇచ్చినవారు మోసపోయిరి; ఆజ్ఞాపత్రము సక్రమముగానే యున్నది; సత్యము మాత్రము కిటికీలో నున్నది. కిటికీవైపు చూచుచున్నవాడు బాండు ఒక్కడే. పైవానికి అధికారము కలదు గాని కన్ను లేదు. క్రిందివానికి కన్ను కలదు. కన్ను కలవాడు తాను చూచినదానిని చూడనట్లు నటించినచో, ఆ పాపము పైవానిది ఎట్లగును?

దీనికి ఎదురుప్రశ్న వేయువారు ఉందురు. 'ప్రతి ఉద్యోగియు తన మనస్సునకు తోచినట్లు ఆజ్ఞలను మీరినచో రాజ్యము నిలుచునా?' అని. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము రెండేండ్ల తరువాత వచ్చిన 'లైసెన్స్ టు కిల్'లో కలదు. మిత్రుడైన ఫీలిక్సును మత్తుమందుల వర్తకుడొకడు సొరచేపకు వేసి అంగహీనుని చేసి, అతని నవవధువును చంపించును. బాండు పగతీర్చుకొనుటకు బయలుదేరును. అతని అధికారి వచ్చి ఆ అనుమతిని రద్దుచేయును. అప్పుడు బాండు చేసినదియు ఆజ్ఞోల్లంఘనమే; కిటికీవద్ద చేసినదియు ఆజ్ఞోల్లంఘనమే. కాని మొదటిదానిలో తనకు నష్టము వచ్చినను ఒక ప్రాణమును కాపాడుటకు మీరెను. రెండవదానిలో తన కోపము చల్లార్చుకొనుటకు మీరెను. తుపాకిని ఆపుటకు మీరినవానిని, తుపాకిని ఎత్తుటకు మీరినవానిని ఒకే త్రాసులో తూచరాదని నా అభిప్రాయము.

2015 నాటి 'స్పెక్టర్'లో ఈ విషయము మరింత స్పష్టమైనది. మనుష్యులైన గూఢచారులు ఇక అక్కరలేదు, యంత్రములే అన్నియు చూచుకొనునని ఒక నూతనాధికారి వాదించును. దానికి బాండు అధికారి చెప్పిన మాటల సారము ఇది: చంపుటకిచ్చిన అనుమతి, చంపకుండుటకును అనుమతియే; ఎదుటివాని కన్నులలోనికి చూచి నిర్ణయించుటకు మనిషి కావలెను. ఆ చిత్రము చివర బాండు తన పరమశత్రువు కాళ్లవద్ద పడియుండగా కాల్చక వెడలిపోవును.

ఈ మాట వినగానే నాకు మన రామాయణము జ్ఞప్తికి వచ్చెను. రావణుడు పంపగా శుకసారణులు వానరరూపములు దాల్చి రామసైన్యమున జొరబడిరి. విభీషణుడు గుర్తించి పట్టి తెచ్చెను. చంపుట రామునకు చేతకానిది కాదు. ఆయన, సైన్యమునంతయు తనివితీర చూచి పోయి మీ ప్రభువునకు చెప్పుడని వారిని విడిపించెను. ఇక హనుమంతుడు సీతను వెదకుటకై చారునివలె లంక చొచ్చినవాడే గదా. లంకను కాల్చిన పిమ్మట ఆయన సంతోషించుటకు ముందు కలతపడెను. ఈ మంటలలో సీతమ్మయు దగ్ధమయ్యెనేమో, నా కోపము ఎంత పని చేసినదని తన్ను తాను నిందించుకొనెను. ఆమె క్షేమముగా నున్నదని తెలియువరకు ఆయనకు ఊరట లేదు. బాండు చిత్రములలో కోటలు, కర్మాగారములు పేలిపోవును. పేరులేని కావలివారు పదులకొలది కూలుదురు. వారిలో ఒక్కని ఇంటికిని వార్త పోయినట్లు ఏ దర్శకుడును చూపలేదు. నలుబదియేండ్లకు పైగా చూచుచున్న అభిమానిని గనుక ఈ మాట చెప్పుటకు నాకు హక్కు కలదు: ఆ కావలివారిని నేనును ఎన్నడును లెక్కింపలేదు.

లెక్కింపకపోవుటకు కారణము ఆలోచింపగా, నా సొంత కథ ఒకటి అడ్డు వచ్చినది. దానిని ఇంతవరకు మా ఇంటిలో కూడ పూర్తిగా చెప్పలేదు.

1991లో మా కార్యాలయమున దినకూలిపై ఒక రాత్రి కావలివాడు ఉండెడివాడు. కోలారు వైపు తెలుగువాడు. ఒకసారి పదునాలుగు దినములు పనికి రాలేదు. మొదటిదినముననే బస్సు ఆగుచోట నన్ను కలిసి, భార్యకు ప్రసవము కష్టమైనదనియు, ఆసుపత్రిలో తాను తప్ప వేరొకరు లేరనియు చెప్పెను. సరేయంటిని. ఆ మాసమున పైనుండి తనిఖీ రానున్నది. నిలిచియున్న ఫైళ్లన్నియు తీర్చవలెనని సూపరింటెండెంటుగారి తొందర. కావలివాని ఫైలు నా బల్లపైకి వచ్చెను. పది దినములు తెలియజేయక రానివానిని తొలగింపవచ్చునని నియమము. నేను నోటు వ్రాసితిని: 'వ్రాతమూలకముగా సమాచారము ఏదియు అందలేదు. నియమము ప్రకారము తొలగింపవచ్చును.' ఆ నోటులో అబద్ధము ఒక్కటియు లేదు. అతడు నాతో చెప్పిన మాట మాత్రము లేదు. అధికారి చదివి సంతకము చేసెను. తనిఖీ సక్రమముగా జరిగెను.

అయిదేండ్ల తరువాత కలాసిపాళ్యము మార్కెట్టులో ఉల్లిగడ్డల మూటలు మోయుచు అతడు కనబడెను. నేను తప్పుకొనబోతిని. అతడే మూట దించి, "బాగుండారా సార్?" అని పలుకరించెను. భార్యయు బిడ్డయు క్షేమమేయట. నేనేదో చెప్పబోగా, "మీ తప్పేముంది సార్, రూలు అట్లుంది" అనెను. అతడు తిట్టియున్నచో ఇంటికి పోయి నిద్రించియుందును.

రూలు అట్లు లేదు. ఇంగ్లీషున అందులో 'మే' అని యున్నది గాని 'షల్' అని లేదు. మన భాషలో చెప్పినచో 'తొలగింపవచ్చును' గాని, 'తొలగింపవలెను' కాదు. ఆ 'వచ్చును' అను మాటను నియమము వ్రాసినవారు ఊరక పెట్టలేదు. ఫైలు వెనుక మనిషి యుండును గనుక, ఆ మనిషిని చూచినవాడు ఒకడుండును గనుక, వాని కొరకు ఖాళీగా ఉంచిన చోటు అది. కిటికీవైపు చూచుచున్నవాడను నేనే. అధికారికి కనబడినది నా నోటు మాత్రమే. ఒక్క వాక్యము, 'మౌఖికముగా తెలిపియున్నాడు' అని చేర్చియున్నచో, ఆయన బహుశః క్షమించియుండెడివాడు. క్షమింపకున్నను ఆ నిర్ణయము ఆయనది అయ్యెడిది. నేను చేర్చనందువలన అది నాది అయ్యెను.

బాండు చేతిలో తుపాకి, నా చేతిలో కలము. అతని అనుమతియు 'వచ్చును', నాదియు 'వచ్చును'. దానిని 'వలెను' అని చదివికొనుట మనకు సుఖము; భారము పైవానిపై పడును. కాని ఆ చదువు తప్పుచదువు. నియమములు అక్కరలేదని నేను చెప్పుట లేదు. నలుబదియేండ్లు నియమములతో బ్రదికినవాడను, అవి లేనిచో బలవంతుని నోటిమాటయే శాసనమగునని ఎరుగుదును. నియమమును పాటించుచునే, తాను చూచినదానిని చూచితినని చెప్పవలెను. అంతకుమించి గుమాస్తానుండి ధర్మము ఏమియు కోరదు. కాని ఆ మాత్రమును తప్పక కోరును.

ఉద్యోగము విడిచిన పిమ్మట ఆ మార్కెట్టునకు రెండు మూడుసార్లు పోయితిని. అతని జాడ దొరకలేదు. అందుచేత ఈ సంచిక ద్వారా చెప్పుకొనుచున్నాను. మన కుటుంబముల పిల్లలు నేడు కంప్యూటర్ల ముందు కూర్చుండి, ఒక మీటతో ఎందరి దరఖాస్తులనో అంగీకరించుటకును, త్రోసివేయుటకును అధికారము పొందియున్నారు. వారి తెరపై మనుష్యుల ముఖములు కనబడవు. ఎప్పుడైన ఒకడు బస్సు ఆగుచోట నిలిపి తన కష్టము చెప్పినచో, ఆ మాటను కాగితముపైకి ఎక్కింపుడని నా మనవి.

నా మనుమడు నిన్న రాత్రి ఆ 1987 నాటి చిత్రమును మరల పెట్టెను. కిటికీ ఘట్టము వచ్చినపుడు, "తాతయ్యా, ఎన్నిసార్లు చూచినా ఇక్కడ ఎందుకు ముందుకు వంగి కూర్చుంటావు?" అని అడిగెను. ఈ వ్యాసము అచ్చైన పిమ్మట వానికి చదివి వినిపించెదను.